కురుసుర ఉబ్బిపోయిందేం!

ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘మాయాబజార్’. ఇంటిల్లిపాదీ చేరి చూస్తున్నారు. ‘అదేంటి, సావిత్రి ఇంత లావుగా ఉండేదా?’ మనవరాలి సందేహం. ‘లావా పాడా... లోపమంతా మీ కొత్త టీవీలోనే ఉంది’ బామ్మకి కోపం.

బామ్మ మాటే నిజం. 1957 నాటి ఆ సినిమా బొమ్మ దాదాపు 4:3 కొలతలో ఉంటుంది. అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఇప్పటి టీవీలు 16:9. అటూ ఇటూ నల్లగా ఖాళీ ఉంటే డబ్బులు దండగైనట్టు అనిపిస్తుందో ఏమో, ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని బొమ్మని పక్కలకి లాగేస్తారు. ఇంకేముంది... శశిరేఖ నుంచి శకుని దాకా అందరూ మూడోవంతు లావెక్కిపోతారు!

టీవీ అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కంప్యూటర్లో ఫొటోలు చూపించే ప్రోగ్రామ్ రాసేవాళ్లకి మాత్రం ఇది రోజూ ఉండే తలనొప్పి. కెమెరా ఇచ్చిన బొమ్మది ఒక కొలత, దాన్ని చూపించాల్సిన పెట్టెది మరో కొలత. ఇమిడ్చేదెలా?

ఈ పాఠం నేర్చుకోవడానికి విశాఖ కుర్రాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డునే కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002లో మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్ల పైమాటే. వెడల్పు మాత్రం ఎనిమిది మీటర్లు కూడా ఉండదు. ఇంత బారెడు వస్తువుని చిన్న పెట్టెలో చూపించాలంటే ఎవరికైనా చెమటలు పట్టాల్సిందే.

ముక్కు నుంచి తోక దాకా పట్టేలా దాన్ని ఫొటో తీశారనుకుందాం. ఆ బొమ్మలో అడ్డంగా 3000 చుక్కలు, నిలువునా 2000. కంప్యూటర్ వాళ్లు వీటినే పిక్సెళ్లు అంటారు. ప్రోగ్రామ్‌లోని పెట్టె 600కి 600, నలుచదరం. బొమ్మని ఉన్నదున్నట్టుగా పెట్టెకి సరిపెట్టేస్తే వెడల్పు అయిదో వంతుకి తగ్గుతుంది, ఎత్తు మాత్రం పదింట మూడు వంతులు మిగులుతుంది. ఉండాల్సిన దానికన్నా ఒకటిన్నర రెట్లు ఎత్తు! సన్నగా, నాజూగ్గా ఉండే కురుసుర కాస్తా పొట్ట ఉబ్బిన తిమింగలంలా తయారవుతుంది.

పోనీ ఆకారం చెడకుండా పెట్టె మొత్తం నింపాలంటే? అడ్డం, నిలువు రెండింటినీ పదింట మూడు వంతులకి తగ్గించాలి. అప్పుడు బొమ్మ 900కి 600 అవుతుంది. పెట్టెలో 600కే చోటు కాబట్టి రెండు పక్కలా 150 చొప్పున కోత. ఆ కోతలో పోయేది ముక్కూ తోకే.

అసలు ఉపాయం మూడోది. వెడల్పు పట్టాలంటే ఎంత తగ్గించాలి, ఎత్తు పట్టాలంటే ఎంత తగ్గించాలి... విడివిడిగా లెక్కేసి, వచ్చిన రెండు అంకెల్లో చిన్నదాన్నే రెండు వైపులకీ వాడాలి. ఇక్కడ చిన్నది అయిదో వంతు. బొమ్మ 600కి 400 అయి కూర్చుంటుంది. పైన వంద, కింద వంద చుక్కలు ఖాళీ. ఆ ఖాళీయే చాలామందికి నచ్చదు!

ఇంత చిన్న లెక్క కంప్యూటర్లలోకి చేరడానికి చాలాకాలమే పట్టింది. విజువల్ బేసిక్ 6లో ఫొటోలు చూపించే ‘ఇమేజ్’ పెట్టెకి ‘స్ట్రెచ్’ అని ఒకే ఒక్క ఏర్పాటు ఉండేది. అది పెడితే సాగదీత, లేదంటే అసలు సైజు. ఆకారం చెడకుండా చూపించాలంటే పై లెక్కని ఎవరికి వారు రాసుకోవాల్సిందే. 2005లో డాట్‌నెట్ రెండో వెర్షన్‌లో ‘జూమ్’ పేరుతో ఆ పని సిద్ధంగా దొరికింది. వాల్‌పేపర్లకైతే 2009లో విండోస్ 7 వచ్చాకే ‘ఫిట్’, ‘ఫిల్’ వచ్చాయి. అంతకుముందు ఇంటర్నెట్ సెంటర్లలో అభిమాన హీరోలు అడ్డంగా సాగిపోయి కనిపించారంటే తప్పు వాళ్లది కాదు మరి!

ఆకారం నిలిచిందని సంబరపడేలోపే మరో చిక్కు. 60 లక్షల చుక్కల ఫొటోని 600కి 400కి కుదిస్తే మిగిలేవి 2 లక్షల 40 వేలు. మిగతావి ఏమైనట్టు? తొందరగా పని కానిచ్చే ప్రోగ్రామ్ అడ్డంగానూ నిలువుగానూ అయిదు చుక్కలకి ఒకటి చొప్పున ఏరుకుని మిగతావి పారేస్తుంది. ఒక్క చుక్క మందం ఉన్న తీగ పారేసిన వాటిలో పడిందంటే బొమ్మలో ఇక తీగే లేదు. మంచి ప్రోగ్రామ్ చుట్టుపక్కల చుక్కల రంగుల్ని కలిపి సగటు తీస్తుంది. అప్పుడు తీగ లీలగానైనా కనిపిస్తుంది. ఒకసారి కుదించిన బొమ్మని మళ్లీ పెద్దది చేస్తే మసక తప్ప పోయిన తీగ తిరిగిరాదు. అందుకే తెలిసినవాళ్లు అసలు ఫొటోని పదిలంగా ఉంచుకుని, కిటికీ సైజు మారినప్పుడల్లా దాన్నుంచే కొత్తగా కుదిస్తారు.

ఫొటోలో తీగ పోతే పోయింది. సముద్రం మ్యాపులో రాయి పోతే?

విశాఖ రేవులోకి వచ్చే ఓడ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నని దారిలో లోపలి హార్బర్‌కి చేరాలి. అంతర్జాతీయంగా తిరిగే పెద్ద ఓడల్లో ఎలక్ట్రానిక్ మ్యాపుల్ని 2012 నుంచి 2018 మధ్య విడతలవారీగా తప్పనిసరి చేశారు. అందులోనూ ఇదే సమస్య... ఇంత సముద్రాన్ని అంత తెరలో ఇమడ్చాలి. దూరం నుంచి చూసే కొద్దీ తెర గజిబిజి కాకుండా చిన్న చిన్న వివరాలు మాయమవుతాయి. దగ్గరికి లాగితే ఇంకో ప్రమాదం. మ్యాపుని ఎంత పెద్దది చేసినా కొలవని లోతులు కొత్తగా పుట్టుకురావుగా! అందుకే హద్దు దాటి పెద్దది చేస్తే ‘ఇది అసలు కొలతని మించింది’ అని తెర మీద హెచ్చరిక వచ్చేలా ఏర్పాటు చేశారు.

దూరం నుంచి చూడటం ఎంత పని చేస్తుందో 2014 నవంబరు 29 రాత్రి తెలిసింది. ప్రపంచాన్ని చుట్టే తెరచాప పడవల పందెంలో కేప్‌టౌన్ నుంచి అబూధాబీ వెళ్తున్న ‘టీమ్ వెస్టాస్ విండ్’ పడవ, మారిషస్‌కి ఈశాన్యంగా ఉన్న సెయింట్ బ్రాండన్ పగడపు దిబ్బల మీదికి దూసుకెళ్లింది. ఆ దిబ్బలు మ్యాపులో లేకపోలేదు. దగ్గరికి లాగి చూస్తే స్పష్టంగా ఉన్నాయి. సిబ్బంది లాగి చూడలేదు. చూసిన కొలతలో ప్రమాదం తెలియలేదు. చిన్న కొలతల్లో దిబ్బల్ని చూపించిన తీరులోనూ లోపం ఉందని తర్వాత దర్యాప్తు తేల్చింది. పడవలోని తొమ్మిదిమందీ ప్రాణాలతో బయటపడ్డారు. వెనకభాగం నుజ్జయిన ఆ పడవని దాదాపు కొత్తగా కట్టినట్టే బాగుచేసి, 2015 జూన్‌లో లిస్బన్ నుంచి మళ్లీ పందెంలో దించారు.