గేటు బయట తీర్పు

2024 డిసెంబర్ రెండో వారంలో జల్‌పల్లికి టీవీ ఛానెళ్ళ బళ్ళు బారులు తీరాయి. పహాడీ షరీఫ్ పోలీస్ స్టేషన్ పరిధిలోని ఊరది. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా, కింద శ్రీశైలం వైపు పోయే రోడ్డు, నెత్తి మీద శంషాబాద్‌లో దిగబోయే విమానాలు. మామూలు రోజుల్లో అక్కడికి ఎవరైనా వచ్చారంటే దర్గాకి మొక్కుకోవడానికో, బార్కస్‌లో మండీ తిని అలా ముందుకు పోవడానికో. ఆ వారం మాత్రం అందరి చూపూ ఒక ఇంటి గేటు మీదే. మోహన్‌బాబు కుటుంబంలో తండ్రీకొడుకుల తగాదా ఫిర్యాదులుగా మారి పహాడీ షరీఫ్ స్టేషన్‌కి చేరింది. అందులో ఎవరిది న్యాయమో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. పోలీసులున్నారు, కోర్టులున్నాయి.

ఇక్కడ పట్టించుకోవాల్సింది గేటు బయట వినిపించిన మరో తీర్పు. టీ కొట్టు దగ్గర మొదలై యూట్యూబ్ థంబ్‌నెయిళ్ళ దాకా పాకిన మాట అది. "బంగారు పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. అయినా నిలబెట్టుకోలేకపోయాడు." మోహన్‌బాబు చిన్నకొడుకు మనోజ్ సినిమా జీవితాన్ని ఈ రెండు వాక్యాల్లో చుట్టి అవతల పడేశారు. సినిమా ఇంట్లో పుడితే సగం గెలిచినట్టేననీ, ఆ పైన కూడా ఓడాడంటే సరుకు లేనట్టేననీ తెలుగునాట ఒక నమ్మకం పాతుకుపోయింది. వారసుల్ని నెత్తిన పెట్టుకునే అభిమానులూ ఇదే అంటారు, వారసత్వాన్ని దుమ్మెత్తిపోసేవాళ్ళూ ఇదే అంటారు. ఒకరు దండ వేస్తారు, మరొకరు రాయి వేస్తారు. లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే. ఆ లెక్క తప్పని చూపించడానికి 'పెదరాయుడు' దాకా వెళ్ళాలి.

1995లో వచ్చిన 'పెదరాయుడు' అంతకు ముందు ఏడాది తమిళంలో శరత్‌కుమార్ చేసిన 'నాట్టామై'కి రీమేక్. తెలుగులో హీరో మోహన్‌బాబు, పాపారాయుడిగా రజనీకాంత్, దర్శకుడు రవిరాజా పినిశెట్టి. ఆ సినిమాలో తీర్పు చెప్పే పెద్దమనిషికి నిజజీవితంలో ఒక కొడుకు, ఆ పెద్దమనిషి చేత డైలాగులు చెప్పించిన దర్శకుడికీ ఒక కొడుకు. హీరో కొడుకు మనోజ్ 1983లో పుట్టాడు, దర్శకుడి కొడుకు ఆది 1982లో. సినిమా విడుదలైనప్పుడు ఇద్దరూ పన్నెండేళ్ళ పిల్లలు. ఇద్దరివీ సినిమా ఇళ్ళే. ఆ తర్వాత మాత్రం ఒకడు హైదరాబాద్‌లో తెలుగు హీరో అయ్యాడు, ఒకడు చెన్నైలో తమిళ నటుడయ్యాడు. పుట్టుకే అన్నీ రాసేసేటట్టయితే ఈ ఇద్దరి ఫిల్మోగ్రఫీలు కాస్తో కూస్తో ఒకే తీరుగా ఉండాలి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడా పోలిక కుదరదు.

ముందు ఆది సంగతి. 2006లో తేజ దర్శకత్వంలో 'ఒక విచిత్రం'తో తెలుగులో మొదలుపెట్టాడు. అది ఆడలేదు. 'చంటి', 'యముడికి మొగుడు' తీసిన దర్శకుడి కొడుకనే సంగతి టికెట్లు తెంపలేకపోయింది. ఆ మరుసటి ఏడాదే తమిళంలో సామి దర్శకత్వంలో 'మిరుగం' వచ్చింది. పేరుకు అర్థం మృగం. పెళ్ళాన్ని గొడ్డును బాదినట్టు బాదే ఒక పల్లెటూరి దుర్మార్గుడు, చివరికి హెచ్‌ఐవీతో కళ్ళ ముందే కుళ్ళి కరిగిపోయే పాత్ర. కొత్త హీరోకి ఎవరైనా ఇచ్చే వేషమా అది? తెలుగులో ఒక దర్శకుడి కొడుక్కి ఆ కథ చెబితే కథ చెప్పినవాడికి మళ్ళీ ఆఫీసులో కాఫీ దొరకదు. ఆది ఆ వేషం వేశాడు. మొదటి సగంలో దున్నపోతులా మెడలు పెంచి, రెండో సగంలో ఎముకల గూడై కనిపించాడు. తమిళ ప్రేక్షకుడికి అతను ఎవరి కొడుకో పట్టలేదు. తెర మీద కనిపించిన మనిషినే చూశాడు.

2009లో అరివళగన్ దర్శకత్వంలో 'ఈరం' వచ్చింది, అందులో ఆది పోలీసు. నిర్మాత దర్శకుడు శంకర్. తెలుగులో 'వైశాలి' పేరుతో డబ్ అయింది. హైదరాబాద్‌లో ఆ సినిమా చూసిన చాలామంది ఆది తమిళ కుర్రాడే అనుకున్నారు. తెలుగు దర్శకుడి కొడుకు తెలుగువాళ్ళకి డబ్బింగ్ సినిమాలో మళ్ళీ పరిచయం కావడం ఒక తమాషా. అయితే ఆ తమాషా అతనికి మేలే చేసింది. 2016లో బోయపాటి 'సరైనోడు'లో విలన్‌గా వచ్చినప్పుడు "అయ్యో, హీరోగా వేసేవాడు, విలన్ అయిపోయాడే" అని ఎవరూ నాలుక చప్పరించలేదు. తెలుగులో జారిపడటానికి అతనికి సింహాసనమంటూ ఉంటేగా!

2018లో 'రంగస్థలం'. కుమార్‌బాబుగా ఆది. ఆ సినిమా తారాగణాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. చిట్టిబాబు వేషం వేసింది చిరంజీవి కొడుకు. ప్రెసిడెంట్ జగపతిబాబు నిర్మాత వి.బి. రాజేంద్రప్రసాద్ కొడుకు. కుమార్‌బాబు రవిరాజా కొడుకు. ముగ్గురికి ముగ్గురూ వారసులే. అయినా ఆ ఊరి కథలో ఏ ఒక్కరూ తండ్రి నీడలో నిలబడినట్టు అనిపించదు. చావు అంచున అన్న చెప్పబోయిన మాట వినికిడి తక్కువైన తమ్ముడి చెవికి అందని ఘట్టం గుర్తుందిగా. థియేటర్‌లో అప్పుడు ఎవరి వంశవృక్షం ఎవరికి గుర్తొచ్చింది? అంతకు ముందు ఏడాది 'నిన్ను కోరి'లో నాని, నివేదా థామస్‌ల మధ్య నలిగే భర్త పాత్ర కూడా అలాంటిదే. గొంతు పెంచడు, తొడ కొట్టడు, కథలో అందరికంటే పెద్దమనిషిగా మిగులుతాడు.

ఇదంతా చెప్పి ఆదిని నిప్పులో కాల్చిన బంగారమంటే అబద్ధమవుతుంది. ఇంటి అండ అతనికీ ఉంది. సోదరుడు సత్యప్రభాస్ దర్శకత్వంలో 'మలుపు' చేశాడు. హీరోగా వేసిన వాటిలో మరిచిపోయినవే ఎక్కువ. అతని పేరు నిలబెట్టినవి మాత్రం మృగం, పోలీసు, విలన్, అన్న, భర్త. ఇవన్నీ ఒక్కచోట కలిసేది ఒక్క విషయంలో: వీటిలో దేనికీ టైటిల్ కార్డులో స్టార్ బిరుదు అక్కర్లేదు.

ఇప్పుడు మనోజ్. 1993లో 'మేజర్ చంద్రకాంత్'లో బాలనటుడు. 2004లో హీరోగా మొదటి సినిమా 'దొంగ దొంగది'. అది ధనుష్ చేసిన 'తిరుడా తిరుడి'కి రీమేక్. ధనుష్ కూడా వారసుడే, దర్శకుడు కస్తూరిరాజా కొడుకు, సెల్వరాఘవన్ తమ్ముడు. కథ ఒకటే, ఏడాది తేడా, ఇద్దరు సినిమావాళ్ళ పిల్లలు. కానీ ధనుష్‌ని వాళ్ళింటివాళ్ళు తెరకెక్కించిందే బక్కపలచటి పక్కింటి కుర్రాడిగా. గొప్పింటి బిడ్డలా చూపించాలన్న ఆరాటమే అక్కడ లేదు. ఆ తర్వాత వెట్రిమారన్‌తో 'ఆడుకళం', 'అసురన్' చేసి రెండింటికీ జాతీయ ఉత్తమ నటుడయ్యాడు. ఇక్కడ మనోజ్‌కి దక్కింది 'రాకింగ్ స్టార్' బిరుదు. సినిమా కంటే ముందు బిరుదు వచ్చి కూర్చుంటే కథ రాసేవాడు దానికే ముందు లేచి నిలబడాలి.

అయినా ఆ మూస పగిలిన చోటల్లా మనోజ్ వెలిగాడు. 2009లో చంద్రశేఖర్ యేలేటి 'ప్రయాణం' తీశాడు. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరుచుకున్న మరుసటి ఏడాది. కథంతా మలేషియాలో ఒక విమానాశ్రయంలోనే నడుస్తుంది. అమ్మాయి విమానం ఎక్కేలోగా ఆమె మనసు గెలవాలి, అంతే. ఫైట్లతో పని లేదు, మాటకారితనమే పెట్టుబడి. 2010లో క్రిష్ 'వేదం'. మనోజ్ పాత్ర వివేక్ చక్రవర్తి, సైనికుల ఇంట్లో పుట్టి, సైన్యం నాకొద్దంటూ గిటార్ పట్టుకున్న రాక్ గాయకుడు. ఇంటి వారసత్వాన్ని కాదనే కుర్రాడి పాత్రే అతని కెరీర్‌లో అందరూ మెచ్చుకునే పాత్ర కావడాన్ని విమర్శకులు ఇన్నేళ్ళుగా ఎందుకు పట్టించుకోలేదో! ఐదు కథల సినిమా అది. అల్లు అర్జున్, అనుష్క, మనోజ్ బాజ్‌పాయ్, నాగయ్యల మధ్య తన వాటా తనది. పక్కవాడి వాటా తినడు, తనది వదులుకోడు.

ఆ దారిన పోనిచ్చారా అంటే లేదు. 'కరెంట్ తీగ' (2014) వచ్చింది. తమిళంలో 'వరుత్తపడాద వాలిబర్ సంగం'గా ఆడిన కథ. అక్కడ హీరో శివకార్తికేయన్, సినిమా ఇంటివాడు కాదు, టీవీలో నవ్వించి పైకొచ్చినవాడు. పనీపాటా లేని పల్లెటూరి కుర్రాడంటే అతని మీద నమ్మకం కుదురుతుంది. తెలుగులో అదే కథ అన్న విష్ణు నిర్మాణంలో మనోజ్ మీదికి వచ్చింది. సినిమా చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ అక్కడ ఆ కుర్రాడు ఎవరైనా కావచ్చు, ఇక్కడ ఎవరి అబ్బాయో థియేటర్‌లో అందరికీ తెలుసు. తర్వాత 'శౌర్య', 'గుంటూరోడు' వచ్చి వెళ్ళాయి. 2017లో శ్రీలంక తమిళుల పోరాటం నేపథ్యంగా 'ఒక్కడు మిగిలాడు'లో ద్విపాత్రలు చేశాడు. ఫలితం ఏమైనా ఆ ప్రయత్నంలో బద్ధకం కనిపించదు. ఆ తర్వాత దాదాపు ఎనిమిదేళ్ళు హీరోగా కొత్త సినిమా రాలేదు.

ఇక్కడే వారసత్వ వ్యతిరేకులకు ఒక మాట ఒప్పుకోవాలి. వరసగా పడిన సినిమాల తర్వాత, ఎనిమిదేళ్ళ ఖాళీ తర్వాత, బయటివాడెవడికైనా తలుపు మళ్ళీ తెరుచుకుంటుందా? తెరుచుకోదు. 2025 మే నెలలో వచ్చిన 'భైరవం' దానికి సాక్ష్యం. తమిళ 'గరుడన్'ని భుజాన మోసినవాడు సూరి, చిన్నాచితకా హాస్యవేషాల నుంచి పైకొచ్చిన నటుడు. తెలుగులో ఆ ముగ్గురు స్నేహితుల పాత్రలకు తీసుకున్నది బెల్లంకొండ సాయి శ్రీనివాస్, నారా రోహిత్, మనోజ్. ఒకరు నిర్మాత కొడుకు, ఒకరు రాజకీయ కుటుంబం బిడ్డ, ఒకరు నటుడి కొడుకు. సూరి లాంటివాడు ఆంధ్రలోనో తెలంగాణలోనో లేకనా? ఉంటాడు, ఆ కాస్టింగ్ కాగితం మీద అతని పేరుండదు. అన్యాయం ఉన్నది అక్కడ. దాన్ని వదిలేసి, లోపలికి వచ్చినవాడికి సరుకు లేదంటూ దులిపేయడం వల్ల బయట నిలబడ్డ సూరికి ఒరిగేదేమీ లేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో 'మిరాయ్' వచ్చింది. హీరో తేజ సజ్జా, చిన్నప్పుడు బాలనటుడిగా మొదలై ఎదిగినవాడు. మనోజ్ విలన్, మహాబీర్ లామా. ఆ గొంతులోని బరువూ, కళ్ళలోని నిలకడా చూసి "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడు?" అన్నారు. దాచింది అతను కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతుకి హీరో డైలాగులే రాశారు.

ఈ అచ్చులో పోసిన మొదటి వారసుడు మనోజ్ కాడు. 2002లో నందమూరి తారకరత్నను ఒకే రోజు తొమ్మిది సినిమాలతో ప్రారంభించారు. ఆ తొమ్మిది కొబ్బరికాయల బరువు ఎవడు మోయగలడు? ఏడేళ్ళ తర్వాత రవిబాబు 'అమరావతి'లో విలన్ వేస్తే నంది అవార్డు వచ్చింది. జగపతిబాబు 2014లో 'లెజెండ్'లో విలన్‌గా మారాకే మళ్ళీ తీరిక లేనంత నటుడయ్యాడు. హీరోగా నిలవడమొక్కటే కొలత అనుకుంటే వీళ్ళందరూ ఓడినవాళ్ళ చిట్టాలోకే పోతారు.

మోహన్‌బాబు కథ ఈ కొలతని ఇంకా బాగా వెక్కిరిస్తుంది. మోదుగులపాలెం అనే పల్లెలో బడిపంతులు కొడుకు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1975లో దాసరి 'స్వర్గం నరకం'తో వెలుగులోకి వచ్చి, ఏళ్ళ తరబడి విలన్‌గా పళ్ళు నూరి, 1990 దాటాక 'అసెంబ్లీ రౌడీ'తో జనం హీరోగా ఒప్పుకునేలా చేశాడు. విలన్ వేషం ఆయనకి మెట్టు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే వేషాన్ని లోకం దిగజారుడంటుంది. మనోజ్ మొదటి సినిమాకీ మహాబీర్ లామాకీ మధ్య గడిచినవి ఇరవై ఒక్క ఏళ్ళు. తండ్రి మొదట్లోనే నడిచిన వీధి అది. కొడుకు ఊరంతా చుట్టి ఇప్పుడు అక్కడికి చేరాడు.