జీడిమామిడి తోటలో ఇంజినీరుకేం పని?

ఉయ్యూరులో ఎవరినైనా ఆపి "బాదం చెట్టు ఎక్కడుంది?" అని అడగండి. స్కూలు ఆవరణలోనో, గుడి వెనకో గొడుగులా కొమ్మలు పరుచుకున్న చెట్టును చూపిస్తారు. వెడల్పాటి ఆకులు, రాలే ముందు ఎర్రబడతాయి. పిల్లలు కాయను రాయితో పగలగొట్టి పప్పు తింటారు. మనం బాదం అనే ఈ చెట్టు నిజానికి మద్ది, కరక్కాయల కుటుంబానిది. కిరాణా కొట్లో కొనే బాదంపప్పు వేరే చెట్టుది. దాని చుట్టాలు పీచ్, ప్లమ్, ఆప్రికాట్. పేరొక్కటే, చుట్టరికం లేదు.

పేరు చూసి పొరబడటం ఉద్యోగాల దగ్గరా జరుగుతుంది. నోటిఫికేషన్‌లో 'వ్యవసాయ పరిశోధన', 'ఉద్యాన విశ్వవిద్యాలయం' అనే మాట కనబడితే చాలు, బీటెక్ వాళ్లు పేజీ తిప్పేస్తారు. "అది అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లది" అంటారు. నేనూ ఇంజినీరింగ్ చదివినవాణ్నే, నా అభిప్రాయం వేరు. చెట్లలో కొత్త రకాలు తయారుచేసే పని వేగంగా డేటా పనిగా మారుతోంది. పంట ఎంత నిదానంగా పెరుగుతుందో, ఫలితాన్ని ముందే లెక్కగట్టి చెప్పగలిగే మనిషికి అంత విలువ. అందుకే వరి కన్నా చెట్ల తోటలకే మన అవసరం ఎక్కువ.

చేదు బాదం చెప్పే పాఠం

అడవి బాదం చేదుగా ఉంటుంది. అందులోని అమిగ్డలిన్ అనే పదార్థం నమిలినప్పుడు విడిపోయి సైనైడ్‌ను విడుదల చేస్తుంది. వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒక చెట్టులో ఈ గుణం పోయింది, మనిషి ఆ తీపి చెట్టును పట్టుకున్నాడు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. వేల లైన్ల కోడ్‌లో ఒక క్యారెక్టర్ మారినట్టే.

దీనివల్ల లాభమేంటి? బాదం మొక్క నాటాక కాయ చూడాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. చేదో తీపో అప్పుడే తెలుస్తుంది. ఇప్పుడైతే నర్సరీలో ఉండగానే చిన్న ఆకు ముక్కలోని డీఎన్ఏ చూసి చేదు మొక్కల్ని పక్కన పెట్టొచ్చు.

అలాగని అడవి బాదాన్ని చేదని పారేయడానికి లేదు. సాగులోని చాలా బాదం రకాలు తమ పుప్పొడితో తాము కాయవు, పక్కన ఇంకో రకం ఉండాలి, తేనెటీగలు రావాలి. అందుకే కాలిఫోర్నియాలో ఏటా ఫిబ్రవరిలో తేనెపెట్టెల్ని లారీల్లో తోటలకు తోలతారు. తమంతట తాము కాయగలిగే గుణం మధ్యధరా ప్రాంతపు అడవి బాదం 'ప్రూనస్ వెబ్బై'లో ఉంది. ఇటలీలోని తువోనో అనే పాత రకంలోనూ ఉంది. ఇలాంటి గుణాల కోసమే శాస్త్రవేత్తలు పాత రకాల్నీ, అడవి బంధువుల్నీ వెతుకుతారు. పీచ్‌తో బాదాన్ని కలిపి ఫ్రాన్స్‌లో తయారుచేసిన జీఎఫ్-677 వేరుమూలం సున్నపు నేలల్ని తట్టుకుంటుంది. దానిమీద అంటుకట్టి తోటలు వేస్తున్నారు.

రెల్లు గడ్డి మన చెరకుకు చుట్టం

"అవన్నీ కాలిఫోర్నియా కబుర్లు, మనకేంటి?" అనుకోవద్దు. చలి చాలక బాదం మన డెల్టాలో రాదు, నిజమే. కానీ అడవి చుట్టాన్ని పంటలోకి తెచ్చిన గొప్ప కథ మన చెరకుదే. కృష్ణ ఒడ్డున తెల్లగా పూసే రెల్లు చెరకుకు అడవి బంధువు. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్‌లు ఆ రెల్లుతో చెరకును సంకరం చేశారు. 1918లో విడుదలైన కో-205 అలా పుట్టింది. మొండితనం రెల్లుది, తీపి చెరకుది. ఆ తర్వాత వచ్చిన మన చెరకు రకాల్లో చాలావాటిలో రెల్లు రక్తం ఉంది. ఉయ్యూరులో చెరకు పరిశోధన స్థానం ఉంది. చక్కెర ఫ్యాక్టరీ, వీరమ్మ తిరునాళ్ల తెలిసినంతగా దాని గురించి మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇక పప్పు కాసే చెట్లలో మన చెట్టు జీడిమామిడి. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చింది, మన తీరపు ఇసుక నేలల్లో స్థిరపడిపోయింది. దాని మీద పనిచేసే పరిశోధన స్థానం బాపట్లలో ఉంది. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కిందిది. అక్కడ టి.నం.1, టి.నం.39 అనే రెండు చెట్లను సంకరం చేసి తయారుచేసిన బీపీపీ-8 రకం 1993లో విడుదలైంది. దాని గింజ బరువు 8 గ్రాముల పైనే. వంద కిలోల గింజలు కొడితే సుమారు 29 కిలోల పప్పు వస్తుంది. పప్పు డబ్ల్యూ-210 గ్రేడు, అంటే పౌనుకు 210కి మించకుండా తూగేంత పెద్దది. మామూలుగా మార్కెట్లో తిరిగే డబ్ల్యూ-320 కన్నా ధర ఎక్కువ పలుకుతుంది. ఒడిశాలోనూ ఈ రకం వేస్తున్నారు.

అయినా చిక్కులు తీరలేదు. టీ దోమ లేత చిగుళ్లనూ పూతనూ మాడ్చేస్తుంది. వేరు, కాండం తొలిచే పురుగు ఏకంగా చెట్టునే చంపేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి తోటల్ని కూకటివేళ్లతో పెకలించింది. వరి పోతే రైతు వచ్చే పంటకు మళ్లీ నారు పోసుకుంటాడు. జీడి చెట్టు పోతే మళ్లీ నిండు కాపు చూడ్డానికి ఏళ్లు పడుతుంది. గాలికి పడని పొట్టి చెట్లు, పురుగును తట్టుకునే చెట్లు కావాలి. అవి రేపటికి రావాలంటే పని ఇవాళ మొదలవ్వాలి.

మన లెక్క ఎక్కడ పనికొస్తుంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి సంకర మొక్కలు పరీక్షించాలనుకోండి. జీడి చెట్లకు 8 మీటర్ల ఎడం ఇస్తే హెక్టారుకు 156 పడతాయి. వెయ్యి చెట్లకు దాదాపు 16 ఎకరాలు కావాలి. అదీ ఏళ్ల తరబడి నీళ్లు, కూలీ, కాపలాతో. నర్సరీ దశలోనే డీఎన్ఏ ఆధారంగా 800 మొక్కల్ని తీసేయగలిగితే మిగతావాటికి మూడు ఎకరాల పైచిలుకు చాలు. అయితే ఏ 800 తీసేయాలి? అది చెప్పేది మోడల్. ఆ మోడల్‌కు తిండి పాత చెట్ల దిగుబడి, గింజ బరువు, పురుగు నష్టం లెక్కలు. ఇవి శుభ్రంగా, ఏడాది తప్పకుండా ఉండాలి. బాదంలో ఈ పని చాలా దూరం వెళ్లింది. జీడిలో చేయాల్సింది ఇంకా బోలెడుంది.

ఫోన్ ఫొటోతో పూగుత్తిలో కాయల్ని లెక్కపెట్టడం, టీ దోమ నష్టానికి మార్కులు వేయడం, డ్రోన్ బొమ్మల నుంచి చెట్టు ఎత్తు కొలవడం, ఇవన్నీ మన సీఎస్ఈ, ఈసీఈ సిలబస్‌లో ఉన్న పనులే. చెట్టు గురించి చెప్పడానికి అక్కడ శాస్త్రవేత్తలున్నారు.

మరి జీతం?

దాచడం ఎందుకు, మొదట్లో తక్కువే. యంగ్ ప్రొఫెషనల్, జేఆర్ఎఫ్, ప్రాజెక్ట్ అసిస్టెంట్ పోస్టులు చాలావరకు కాంట్రాక్టువి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. ఇంట్లో అప్పు ఉండి వెంటనే సంపాదించాల్సినవాళ్లు దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. కానీ ఈ పని నేర్పే నైపుణ్యం ఒక్క జీడికే పరిమితం కాదు. హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలున్నాయి, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. శాశ్వత ఉద్యోగం కావాలంటే ఏఎస్ఆర్‌బీ పరీక్షల్లో బయోఇన్ఫర్మేటిక్స్, వ్యవసాయ గణాంక శాస్త్రం, కంప్యూటర్ అప్లికేషన్స్ వంటి విభాగాలున్నాయి. వాటికి కనీసం సంబంధిత పీజీ ఉండాలి. అర్హతలు ప్రకటనలో చూసుకుని అందుకు తగ్గ పీజీ ఎంచుకోండి.

నా కోపమంతా కాలేజీల మీద. చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బులిచ్చి కొనుక్కోవడం మన దగ్గర మామూలైపోయింది. మా బ్యాచ్‌లో ఒకే 'ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్' మూడు టీముల చేతుల్లో తిరిగింది. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆ ప్రాజెక్టు బండారం బయటపడుతుంది. విజయవాడ చుట్టుపక్కల ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఒక్కో కాలేజీ ఏటా రెండు టీములను ఉయ్యూరు, బాపట్ల పరిశోధన స్థానాలకు పంపితే ఏం పోతుంది? శాస్త్రవేత్తకు చేతి సాయం, విద్యార్థికి ఎవరి దగ్గరా లేని నిజమైన డేటా. ఒప్పందం రాసుకోవడానికి ఒక ప్రిన్సిపాల్ సంతకం చాలు.

కాలేజీ కదిలేదాకా మీరు ఆగక్కర్లేదు. పైథాన్ వచ్చినవాళ్లు దాంతోపాటు గణాంకాలు గట్టిగా నేర్చుకోండి. ప్రయోగ క్షేత్రాల డేటా అర్థం కావాలంటే అనోవా రాకుండా కుదరదు. బాదం, పీచ్ జన్యు సమాచారం 'జీనోమ్ డేటాబేస్ ఫర్ రోజేసీ'లో ఉచితంగా దొరుకుతుంది, దాంతో చేయి తిప్పుకోండి. తర్వాత మీ హెచ్‌ఓడీ దగ్గర ఉత్తరం రాయించుకుని నలుగురు కలిసి వెళ్లండి. "సార్, మీ దగ్గర ఏ లెక్క చేత్తో రాస్తున్నారు?" అని అడగండి. మీ ప్రాజెక్టు ఆ జవాబులోనే దొరుకుతుంది.

సంక్రాంతి దాటాక జీడి తోటలు పూత మీద ఉంటాయి. ప్రాజెక్టు టైటిల్ ఇచ్చేలోపు ఒకసారి బాపట్ల బస్సెక్కండి.