దాన్ని అడిగేవేటి?

ఇది రాస్తున్నప్పటికి నా లాప్‌టాప్‌లో రెండు షీట్లు తెరిచి ఉన్నాయి. ఒకటి ఆఫీసుది, వచ్చే రెండు వారాల పని. రెండోది నా సొంతం. పేరు 'చిట్టి ట్రిప్, వెర్షన్ 4'. మా మేనేజర్ చూడకూడదు గానీ, రెండో షీట్‌లోనే వరసలు ఎక్కువ.

చిట్టి మా కుక్క. ఏ జాతి అని అడక్కండి, అచ్చమైన ఊరకుక్క. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు వడ్డాది సంత దగ్గర వానలో తడుస్తుంటే చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నాలుగేళ్లు నా మంచం కిందే పడుకుంది. తర్వాత నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. నేను బస్సెక్కిన వారం రోజుల వరకూ అది మెయిన్ రోడ్డు దాకా వచ్చి నిలబడేదట. ఆ మాట నాన్న ఫోన్లో మామూలుగానే చెప్పారు. నాకు మాత్రం మామూలుగా వినపడలేదు.

ఇప్పుడు దానికి పదేళ్లు. మూతి దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. నాకు కారు వచ్చింది, వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది. అందుకే అనుకున్నాను, చిట్టిని ఒక పెద్ద ట్రిప్ తీసుకెళ్లాలని.

ఐడియా ఇచ్చింది చోడవరంలో నాతో ఇంటర్ చదివిన ఫ్రెండ్. వాడిప్పుడు పెర్త్‌లో ఉంటున్నాడు. కుక్కని కార్లో ఎక్కించుకుని అడిలైడ్ దాకా వెళ్లాలని ప్లాన్ వేస్తున్నాడు. సుమారు 2,700 కిలోమీటర్లు. మధ్యలో నల్లర్‌బోర్ మైదానం. ఆ దారిలో ఒకచోట రోడ్డు 146 కిలోమీటర్లు ఒక్క మలుపు కూడా లేకుండా పోతుందట. వాడి షీట్ చూసి అదే పద్ధతిలో నేనూ ఒకటి తయారుచేశాను.

వెర్షన్ 1 ఇలా ఉండేది. వడ్డాది నుంచి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరు. అక్కణ్నుంచి చింతపల్లి, లంబసింగి. మళ్లీ సీలేరు, మోతుగూడెం, చింతూరు, మారేడుమిల్లి. రంపచోడవరంలో కిందకి దిగి, రాజమండ్రి హైవే మీద వెనక్కి. నాలుగు రోజులు. పొగమంచులో చిట్టి కిటికీలోంచి తల బయటపెట్టే వీడియో కూడా నా బుర్రలో ఎడిట్ అయిపోయింది.

అమ్మకి చూపించాను. బియ్యం ఏరుతూ షీట్ వైపు చూసింది.

"బానే ఉంది గానీ, దాన్ని అడిగేవేటి?"

"కుక్కని ఏటడుగుతామే అమ్మా?"

"మరి ఎవరి కోసమెల్తన్నావురా?"

నా దగ్గర సమాధానం లేదు. అయినా ఆ ఆదివారం ట్రయల్ అని చెప్పి చిట్టిని వెనక సీట్లో కూర్చోబెట్టి మాడుగుల బయల్దేరాను, హల్వా కొందామని. మాడుగుల రాకముందే చిట్టి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఒళ్లంతా వణుకు, నోట్లోంచి జొల్లు. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు వేసిన హల్వా డబ్బా ముందు సీట్లో ఉంది. ఎప్పుడూ తిండి వాసనకి లేచే కుక్క ఆరోజు తలకూడా ఎత్తలేదు.

మర్నాడు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. వెనక కాళ్ల కీళ్లు అరిగాయన్నారు. కార్లో వాంతికి ముఖ్య కారణం అలవాటు లేకపోవడం, భయం. ఆయన చెప్పినవన్నీ షీట్‌లో ఎక్కించాను. మీ ఇంట్లోనూ కుక్క ఉంటే ఇవి పనికొస్తాయి.

మొదటిది కడుపు. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకూడదు. నీళ్లు మాత్రం ఇవ్వాలి. వాంతి మాత్ర కావాలంటే కుక్క బరువు చూసి డాక్టరే రాయాలి. మనం వాడే ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కుక్కకి విషం. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కూడా పెట్టకూడదు.

రెండోది వేడి. మనకి ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకి పట్టదు. నాలుక బయటపెట్టి ఒగర్చడమే దాని ఏసీ. ఎండలో ఆపిన కారులో, బయట 24 డిగ్రీలే ఉన్నా, పది నిమిషాల్లో లోపల 34 దాటొచ్చు. అరగంటలో 43. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా ఉండదు. 'టీ తాగి వచ్చేస్తా' అని కుక్కని కార్లో వదిలి తాళం వేయకండి. టీ బయటికి తెచ్చుకోండి.

మూడోది టీకాలు. రేబిస్ టీకా తేదీ దాటిపోకూడదు. ఏటా జులై 6న జూనోసిస్ డేకి పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. కొత్త ఊళ్లో మన కుక్క కరిచినా, మన కుక్కని ఇంకొకటి కరిచినా, టీకా కార్డు చేతిలో ఉంటే సగం గొడవ తగ్గుతుంది. కరిచింది మనిషినైతే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

ఇదంతా రాసుకుని రాత్రి పెర్త్ ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. వాడి షీట్‌లో నాకు అర్థంకాని వరస ఒకటుంది. 'మూతికి బుట్ట' అని రాసి ఎర్రరంగు వేశాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. అక్కడ నక్కలు, అడవికుక్కల్ని తగ్గించడానికి 1080 అనే విషం కలిపిన మాంసం ముక్కలు పడేస్తారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్ని మొక్కల్లోనే ఆ విషం ఉంటుంది కాబట్టి అక్కడి జంతువులు చాలావరకు తట్టుకుంటాయి. పెంపుడు కుక్క తింటే దానికి విరుగుడు లేదు. అందుకే కిందకి దింపేముందు మూతికి బుట్ట కడతారు.

మనకలాంటివి లేవులే అన్నాను. పక్కనే కూర్చున్న నాన్న తలెత్తారు.

"ఎందుకు లేవురా? అడవిపందులకి పెడతారు కదా."

నిజమే. పొలాల చుట్టూ దొంగచాటుగా లాగే కరెంటు తీగలు, ఉచ్చులు, మేతలో దాచే నాటుబాంబులు. ఇవన్నీ చట్టం ఒప్పుకోనివే. అయినా అడవి అంచు ఊళ్లలో పశువులు, కుక్కలు, ఒక్కోసారి మనుషులు కూడా వాటికి బలవుతూనే ఉన్నారు. నా వెర్షన్ 1లో 'చిట్టి స్వేచ్ఛగా పరుగెడుతుంది' అని ఒక వరస ఉంది. దాన్ని తీసేసి 'తాడు విప్పకూడదు' అని రాశాను.

తాడుకి ఇంకో కారణం కూడా ఉంది. ప్రతి ఊరికీ దాని కుక్కలుంటాయి. కొత్త కుక్క కనిపిస్తే గుంపుగా మీదకొస్తాయి. మెడ పట్టీ అయితే లాగినప్పుడు ఊడిపోతుంది, ఛాతీకి కట్టే పట్టీ నయం. ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర బళ్లన్నీ ఆగుతాయి, మేమూ ఆగుతాం. జనం ఆగి తినే చోట వండిన కోడి ఎముకలు పడి ఉండొచ్చు. అవి నమిలితే చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. కాబట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఒక చెయ్యి తాడు మీదే.

ఇక మారేడుమిల్లి. అక్కడి అడవి పాపికొండల నేషనల్ పార్క్ పక్కనే. కుక్కని తీసుకెళ్తే అడవికి ఏమవుతుందని నేనూ అనుకున్నాను. కుక్కలకి వచ్చే డిస్టెంపర్ జబ్బు 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడోవంతు సింహాల్ని చంపేసింది. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి మొదలైందని పరిశోధకులు చెప్పారు. 2018లో మన గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కూడా అదే వైరస్ కనిపించింది. చిట్టికి డిస్టెంపర్ టీకా ఉంది. అయినా అడవి జంతువులు తిరిగే దారిలో కుక్కని నడిపించడం నాకు నచ్చలేదు. పైగా సీలేరు దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. పశువుల అంబులెన్స్ 1962కి ఫోన్ చేయాలన్నా ముందు ఫోన్ కలవాలి కదా.

సీలేరు నుంచి రాజమండ్రి దాకా ఉన్న వరసలన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. బాధేసింది, అబద్ధం చెప్పను. ఆ వీడియో చాలా బాగా వచ్చేది.

తర్వాత మూడు వారాలు ట్రైనింగ్. మొదటి రెండు రోజులు ఇంజిన్ ఆపిన కారులో చిట్టి పక్కన కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకున్నాను. తర్వాత ఇంజిన్ ఆన్, బండి కదల్లేదు. తర్వాత వీధి చివరికి. పదిహేనో రోజుకి చోడవరం వెళ్లి వచ్చాం. వాంతి లేదు, వణుకు తగ్గింది. కీళ్ల నొప్పికి ఎగరలేదు కాబట్టి కారు తలుపు దగ్గర పీట వేస్తున్నాను. ఇప్పుడు పీట చూడగానే తోక ఊపుతోంది.

వెర్షన్ 4 చిన్నది. మొదటిరోజు తెల్లారి అయిదున్నరకి బయల్దేరి మాడుగుల మీదుగా పాడేరు. కుక్కని రానిస్తారా అని చాలాచోట్లకి ఫోన్ చేస్తే ఒక చిన్న లాడ్జి వాళ్లు ఒప్పుకున్నారు, వరండాలో పడుకోబెడితే. రెండోరోజు చింతపల్లి, లంబసింగి. మూడోరోజు నర్సీపట్నం దిగి ఇంటికి. రోజుకి మూడు గంటలకి మించి కారు లేదు, గంటన్నరకోసారి ఆగడం. దానికి ఇంటి దుప్పటి ఉతక్కుండా తీసుకెళ్తున్నాను, వాసన దానికి తెలిసిందే కాబట్టి.

చివరి వరస అమ్మ ప్రశ్నకి జవాబు. 'బయల్దేరే రోజు పొద్దున తలుపు తీసి పీట వేయాలి. ఎత్తకూడదు, పిలవకూడదు. చిట్టి తనంతట తను ఎక్కితేనే ట్రిప్. ఎక్కకపోతే క్యాన్సిల్.'

నిన్న రాత్రి ఇది అమ్మకి చదివి వినిపించాను. గొప్పగానే చదివాననుకోండి. అమ్మ అంతా విని, చిట్టి చెవుల వెనక గోకుతూ కూర్చుంది. కాసేపయ్యాక అంది:

"లంబసింగిలో నిజంగా అంత మంచుంటాదేటి?"

"ఉంటాదే. నువ్వెప్పుడూ చూళ్లేదా?"

"ఎప్పుడు చూస్తాను? ఈ దారంటే బస్సులెల్తంటే చూడ్డమే."

అమ్మ పుట్టి పెరిగిందీ ఇక్కడే, కాపురం చేసిందీ ఇక్కడే. కొండలు మా డాబా మీద నుంచి కనిపిస్తాయి. నేను నాలుగు వెర్షన్లు రాశాను. కుక్క బరువు, టీకా తేదీ, దుప్పటి వాసన అన్నీ ఎక్కించాను. ముందు సీటు ఖాళీగా ఉంది, ఆ గడిలో 'హల్వా, చిప్స్' అని ఉంది.

ఈసారి అడిగాను. ఇల్లు, గేదె నాన్న చూసుకుంటానన్నారు. అమ్మ వెంటనే ఏమీ అనలేదు గానీ, పొద్దున లేచి చూస్తే ట్రంకు పెట్టె అడుగునున్న శాలువా దండెం మీద ఆరుతోంది.

వెర్షన్ 5 మొదలుపెట్టాను. వచ్చే శనివారం పొద్దున పీట వేస్తాను. చిట్టి ఏమందో వచ్చే వారం చెప్తాను.