ట్రంపెట్ మాస్టారికి కుర్చీ ఏదీ?

మస్కట్‌లో మా ఆఫీసులో నా పక్క సీటు ఒమనీ కుర్రాడి తమ్ముడు ట్రాంబోన్ వాయిస్తాడు. సెలవు రోజున సరదాకి కాదు, అదే అతని ఉద్యోగం. సైనిక బ్యాండులో ర్యాంకుంది, నెల తిరిగేసరికి జీతముంది, రేపు పింఛనూ ఉంటుంది. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు "మీ నాన్నగారు ఒప్పుకున్నారా?" అని అడిగాను. అతనికి నా ప్రశ్నే అర్థం కాలేదు. "ఎందుకు ఒప్పుకోరు భాయ్, గవర్నమెంటు ఉద్యోగమే కదా!" అన్నాడు.

అలా అడగడానికి నా కారణం నాకుంది. మా నాన్న విజయనగరంలో పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. గంటస్తంభం దగ్గర సందులో బ్యాండు షాపు. గోడకి మేకులు, మేకులకి జరీ అంచు ఎర్ర కోట్లు, కింద చాప మీద మీరట్ ముద్ర ఉన్న ఇత్తడి వాద్యాలు. దేశంలో పెళ్ళి బ్యాండులకు వాద్యాలు ఎక్కువగా మీరట్‌లోని జాలీకోఠీ నుంచే వచ్చేవి, ఇప్పటికీ వస్తున్నాయి. కొత్త సినిమా రిలీజైతే నాన్న వాళ్ళు టేపు రికార్డరు చుట్టూ కూర్చుని పాటని ముక్క ముక్కగా విని, చెవితోనే పట్టేసేవాళ్ళు. కాగితం మీద స్వరం రాసుకున్నవాడు ఆ షాపులో ఒక్కడూ లేడు. పెళ్ళివారి పందిట్లో మాత్రం ఆఖరి పంక్తి వాళ్ళదే. అదీ పందిరి వెనకాల.

ఆ షాపు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే మహారాజా సంగీత కళాశాల ఉంది. కళ్ళు లేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న తలంపుతో 1919లో పూసపాటివారు పెట్టారంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ గురువు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు, సుశీలమ్మ అక్కడే చదువుకున్నారు. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం, డోలు అన్నీ నేర్పుతారు. సిరిమానోత్సవానికి ఊరంతా కదిలివచ్చే వీధుల్లో పొద్దస్తమానం మోగే ట్రంపెట్‌కి మాత్రం ఆ గుమ్మంలో చోటు లేదు. నాన్నకి అదొక లోటని ఎప్పుడూ తోచలేదు. నాకు తోచింది మస్కట్ వచ్చాకే.

1970లో గద్దెనెక్కిన సుల్తాన్ కాబూస్ అంతకుముందు ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక అకాడమీలో చదివారు, జర్మనీలో ఉన్న ఒక బ్రిటిష్ పటాలంలో పనిచేశారు. పాశ్చాత్య సంగీతమంటే ఆయనకి ప్రాణం. 1985లో రాయల్ ఒమన్ సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టించారు. చమురు డబ్బుంది కాబట్టి వియన్నా నుంచో లండన్ నుంచో తయారైన వాద్యకారుల్ని దింపుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. బయటి నుంచి గురువుల్ని రప్పించి, వాయించేవాళ్ళు మాత్రం ఒమనీ పిల్లలే కావాలన్నారు. దేశంలో వెతికి పిల్లల్ని ఎంచి, ఓనమాల నుంచి మొదలుపెట్టారు. 1987లో తొలి కచేరీ జరిగింది. 2011 అక్టోబరులో షాతీ అల్ కుర్మ్‌లో రాయల్ ఒపేరా హౌస్ తెరిచినప్పుడు ప్లాసిడో డొమింగో వచ్చి 'తురందోత్' నడిపించారు. ఆ హాలు పాలరాతి వైభవం గురించి మనవాళ్ళు వాట్సాప్‌లో ఫొటోలు పెడతారు. నాకైతే ఆ భవనం కంటే ఆ 1985 నిర్ణయమే పెద్దదిగా కనిపిస్తుంది.

అలాగని ఒమన్‌ని నెత్తిన పెట్టుకోవడం లేదు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. ఇక్కడి రాజు అదృష్టవశాత్తూ వాద్యాలు తలుచుకున్నారు. ఒక్కరి ఇష్టం మీద నిలబడిన వ్యవస్థ అది. పైగా ఈ దేశంలో ఇత్తడి వాద్యానికి అసలు బడి సైన్యం. రాయల్ గార్డు, పోలీసు, నౌకాదళం, గుర్రాల మీద ఊరేగుతూ వాయించే అశ్వదళం బ్యాండు, అన్నీ యూనిఫారం కిందివే. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. వాయించడం వచ్చినవాడి చేతే నేర్పించాలి, నేర్పినందుకు గౌరవంగా జీతమివ్వాలి అన్నది ఇక్కడ వాదించి గెలవాల్సిన మాట కాదు. ఒమనీలకి కొమ్ము ఊదడం కొత్తా కాదు. రజ్‌హా అనే కత్తుల నృత్యం ఆడేటప్పుడు డప్పులతో పాటు బర్గూమ్ అనే కొమ్ముబూర ఊదుతారు, శంఖం ఊదుతారు. మన కొమ్ముబూరకీ, మన శంఖానికీ వరసకి అన్నదమ్ములే. అన్నిటిలోనూ పలికేది పెదవి.

ట్రంపెట్‌కి మూడు పిస్టన్‌లుంటాయి. మూడూ వదిలేసి ఉత్త పెదవుల బిగువుతో ఊదితే స, ప, పై స, గ, ప పలుకుతాయి. పిస్టన్‌లు లేని బ్యూగిల్ బతుకంతా ఆ కాసిని స్వరాల్లోనే వెళ్ళిపోతుంది. ఇక మధ్య పిస్టన్ నొక్కితే అర మెట్టు, మొదటిది నొక్కితే ఒక మెట్టు, మూడోది నొక్కితే ఒకటిన్నర మెట్టు దిగుతుంది. వేళ్ళ పని అంతే, వారంలో వచ్చేస్తుంది. మిగతా జన్మంతా పెదవి పనే. "సౌండు పిస్టన్‌లో లేదురా, ఇక్కడుంది" అని నాన్న పై పెదవి మధ్యన వేలు పెట్టి చూపించేవాడు. అక్కడ మౌత్‌పీసు అంచు గుండ్రంగా అచ్చు పడి ఉండేది, స్నానం చేసినా పోని అచ్చు.

ఆ పెదవిని కాపాడుకోవడం ఎలాగో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. వీధిలో మైకు ఉండదు, జనం గోల, పక్కన బాణాసంచా. "గట్టిగా, ఇంకా గట్టిగా" అన్నదే పాఠం. గట్టిగా రావాలంటే తెలియనివాడు చేసే పని మౌత్‌పీసుని పెదవులకేసి అదమడం. గంటల తరబడి అదిమితే పెదవి వాస్తుంది, లోపల పంటికి ఒరుసుకుని చిట్లుతుంది. ఏళ్ళు గడిస్తే ముందు పళ్ళు కదులుతాయి. పెళ్ళిళ్ళ సీజన్లో నాన్న రాత్రిళ్ళు పెదవులకి వెన్న రాసుకుని పడుకునేవాడు. యాభై దాటకముందే పై స్వరాలు పోయాయి. ట్రంపెట్ తన శిష్యుడికిచ్చి తను సైడు డ్రమ్ముకి మారాడు. తరవాత డీజేలొచ్చి ఆ డ్రమ్మునీ తీసుకుపోయాయి.

అదమకుండా గట్టిగా ఊదడానికి పద్ధతుంది. ఊపిరి ఎక్కడ నింపాలి, ఎంతసేపు ఒకే స్వరాన్ని సన్నగా నిలబెట్టాలి, ఎప్పుడు ఆపి పెదవికి విశ్రాంతినివ్వాలి అన్నవన్నీ ప్రపంచంలో కొందరు జీవితాలు ధారపోసి తేల్చిన విషయాలు. వాళ్ళెవరో చూడండి. ఆర్నాల్డ్ జేకబ్స్ 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించాడు, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పాఠం చెప్పాడు. ఊపిరి కొలిచే పరికరాలు పక్కన పెట్టుకుని నేర్పేవాడు. ఎమరీ రెమింగ్టన్ రోచెస్టర్ యూనివర్సిటీ వారి ఈస్ట్‌మన్ సంగీత పాఠశాలలో 1922 నుంచి 1971లో చనిపోయేదాకా ట్రాంబోన్ నేర్పాడు. ఆయన కూర్చిన పొద్దుటి కసరత్తులు ఇవాళ్టికీ ట్రాంబోన్ పట్టిన ప్రతివాడూ చేస్తాడు. ఫిలిప్ ఫార్కస్ సంగతి నాకు మరీ ఇష్టం. షికాగో సింఫనీలో హార్న్ వాయించి, ఇండియానా యూనివర్సిటీలో ప్రొఫెసరైన ఈయన నలభై మంది మేటి హార్న్ వాద్యకారుల పెదవుల్ని దగ్గరి నుంచి ఫొటోలు తీయించి 1970లో పుస్తకం వేశాడు. పెదవుల మీద ఒక పుస్తకం! మా నాన్న పెదవి ఆ పుస్తకంలో ఉండాల్సింది కాదు గానీ, ఆ పుస్తకం చదివిన మాస్టారొకరు మా నాన్నకి దొరికి ఉండాల్సింది.

వీళ్ళందరూ ముందు వాద్యకారులు, ఆ తరవాతే ప్రొఫెసర్లు. పొద్దున క్లాసు, సాయంత్రం కచేరీ. నిన్న రాత్రి ఎక్కడ ఊపిరి చాలలేదో ఇవాళ పొద్దున పిల్లలకి చెప్పగలవాడే ఈ విద్యకి గురువు.

అలాంటి గురువుకి మన కళాశాలల్లో కుర్చీ వేయమంటే, మన దగ్గర కుదరదంటారు. మొదటి అభ్యంతరం పరాయి వాద్యమని. వయొలిన్ ఏ ఊరిది? ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో కోట బ్యాండు వాయించే బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలని ఇవాళ మన సంగీతం క్లాసుల్లో చిన్నపిల్లలకి నేర్పేవి అవే. అంటే ఇంగ్లీషు బ్యాండు బాణీ మన పాఠంలోకి రెండు శతాబ్దాల కిందటే వచ్చింది, బ్యాండు వాయించేవాడే ఇంకా బయట నిలబడ్డాడు. రెండో అభ్యంతరం గమకం పలకదని. పాలకొల్లు శ్రీనివాస్ చేతికి వచ్చేదాకా మాండొలిన్‌కీ గమకం పలకదనే అన్నారు. కద్రి గోపాలనాథ్ దాకా శాక్సఫోన్ మీదా ఇదే మాట. ట్రంపెట్‌లో పిస్టన్‌ని సగం నొక్కి, పెదవిని సడలిస్తే స్వరం జారుతుంది. మా నాన్న షాపులో సినిమా పాటకి అది రోజూ జరిగే పనే, పేరు పెట్టలేదంతే.

బయటికి అనని అభ్యంతరం మూడోది ఉంది. కోస్తాలో బ్యాండు పట్టింది ఎక్కువగా దళితులు, దూదేకులవాళ్ళు. ఆఖరి పంక్తిలో తినేవాళ్ళని స్టాఫు రూములో కూర్చోబెట్టడానికి మనసు రావాలి. నాదస్వరం కూడా ఒకప్పుడు పందిరి బయట నిలబడ్డదే. తిరుపతిలో దేవస్థానం వారి కళాశాలలో దానికి తరగతి గది వచ్చింది, డిప్లొమా వచ్చింది. కాబట్టి చేయలేనిది కాదు.

రూలు అడ్డమొస్తుందా అంటే అదీ లేదు. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే పోస్టు తెచ్చింది. తన వృత్తిలో పదిహేనేళ్ళ అనుభవం, అందులో మంచి పేరు ఉన్నవారిని డిగ్రీలతో పని లేకుండా తీసుకోవచ్చు. మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా ఇలా నింపుకోవచ్చు. ఏయే రంగాల వారిని తీసుకోవచ్చో చెప్పిన జాబితాలో లలిత కళలున్నాయి, సాయుధ దళాలూ ఉన్నాయి. ఆ జాబితా రాసినవాళ్ళ మనసులో మెదిలింది కంపెనీల పెద్దమనుషులే అయి ఉంటారని నా అనుమానం. అయితే ఏం, రాసింది రాసిందే.

ఇక పదిహేనేళ్ళ అనుభవమున్న ఇత్తడి వాద్యకారుడు ఎక్కడ దొరుకుతాడంటారా? విశాఖపట్నంలో. తూర్పు నౌకాదళం బ్యాండు అక్కడే ఉంది. నేవీ తన వాద్యకారులకి ముంబైలో ఐఎన్‌ఎస్ కుంజలిలో శిక్షణ ఇస్తుంది. సైన్యానికి పచ్‌మఢీలో బడి ఉంది. స్టాఫ్ నొటేషన్ చదవడం, ఊపిరి, పెదవి, నలుగురితో కలిసి శ్రుతి తప్పకుండా ఊదడం, అన్నీ పద్ధతి ప్రకారం నేర్చుకున్నవాళ్ళు. పింఛనుకి కావలసింది పదిహేనేళ్ళ సర్వీసు. యూజీసీ అడిగేదీ అవే పదిహేను. నలభై కూడా నిండకుండా రిటైరై ఏ అపార్టుమెంటు సెక్యూరిటీ ఏజెన్సీకో దరఖాస్తు పెట్టుకుంటున్న మనిషిని ఆంధ్రా యూనివర్సిటీ సంగీత విభాగం పిలిచి కుర్చీ వేయడానికి అడ్డమేమిటో నాకు తెలియడం లేదు. ఆయనకి తోడుగా పెళ్ళి బ్యాండులో పండిపోయిన మాస్టారొకరిని కూడా తీసుకోవాలి. నొటేషన్ చూసి వాయించడం ఒకరు నేర్పితే, ఒక్కసారి విని పాట పట్టేసే చెవి రెండోవారు నేర్పుతారు. ఈ రెండో విద్య షికాగోలో దొరకదు.

యూజీసీ నియమంలో ఒక లోపముంది. ఈ పోస్టు మూడేళ్ళకి మించదు, మహా అయితే ఇంకో ఏడాది పొడిగిస్తారు. ట్రంపెట్‌కి మూడేళ్ళంటే పెదవి కుదురుకునే కాలం. శిష్యుడికి పై షడ్జమం నిలబడే వేళకి గురువు ఇంటికెళ్ళిపోతాడు. రెమింగ్టన్‌ని మూడేళ్ళకి పంపేసి ఉంటే రెమింగ్టన్ కసరత్తులే ఉండేవి కావు. యూజీసీ ఈ ఒక్క ముక్క కళల విషయంలో మార్చాలి. మార్చేదాకా మూడేళ్ళతోనే మొదలుపెట్టొచ్చు.

చదివి ఏం చేస్తారని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగానే ఉంది. నేవీ మ్యుజీషియన్‌లుగా కుర్రాళ్ళని తీసుకుంటుంది, రాష్ట్రాల పోలీసు బ్యాండులున్నాయి, కార్పొరేట్ స్కూళ్ళన్నీ ఆగస్టు పదిహేనుకి బ్యాండు కావాలంటాయి, సినిమా రికార్డింగుకి ట్రంపెట్ కావాలంటే చెన్నై వైపో ముంబై వైపో చూస్తారు. ఖర్చంటారా, మీరట్ నుంచి డజను వాద్యాలు తెప్పించుకుంటే ఒక క్లాసుకి చాలు. ఒక్క గది కావాలి, వీణ క్లాసుకి దూరంగా. వీణ మాస్టార్ల మీద నాకేం కోపం లేదు, కానీ పక్క గదిలో ఆరుగురు కుర్రాళ్ళు ట్రాంబోన్ మొదలుపెడితే ఎంతటి సాధకుడికైనా తానం సాగదు.

నోటిఫికేషన్ పడిన రోజు చెప్పండి. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం బ్యాండు షాపులకి మస్కట్ నుంచి నేనే ఫోన్లు చేస్తాను. ఏడో తరగతితో ఆగిపోయినవాళ్ళు, పేరు రాయడమొక్కటే వచ్చినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. దరఖాస్తు ఫారంలో విద్యార్హత గడి ఖాళీగా ఉందని గుమస్తా ఆ కాగితాన్ని పక్కన పడేయకుండా చూసుకోవలసింది మాత్రం వైస్ ఛాన్సలర్ గారు.