ఇంట గెలవకుండా రచ్చ గెలిచేదెలా?

మన హాస్టల్ సంచికలో ఏటా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ గురించి రాసుకుంటూనే ఉన్నాము. ఈసారి ఇంకో ఆట గురించి రాయదలచుకున్నాము. అదే వీడియో గేమ్. ఈ మాట వినగానే పెద్దలకు ముందుగా గుర్తుకు వచ్చేవి రెండు: చదువు పాడవుతుంది, డబ్బు పోతుంది. ఈ రెండు భయాలూ ఉత్తవి కావు. వాటి సంగతి తరువాత చెబుతాము. అయితే ఇవే ఆటల్లో దేశాల జట్లు తలపడుతున్నాయనీ, దీనికి ఈ-స్పోర్ట్స్ అని పేరనీ, ఆసియా క్రీడల్లో పతకాలు కూడా ఇస్తున్నారనీ మనలో చాలామందికి తెలియదు. ఇంత పెద్ద దేశం ఆ పోటీల్లో ఎందుకు వెనుకబడిందో, దానికీ తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్ళలో చదివే మనకూ ఉన్న సంబంధమేమిటో ఒక్కసారి ఆలోచిద్దాము.

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు గుజరాత్ యువకుడు తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్ అనే ఆటలో కాంస్యం సాధించాడు. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీల్లో మన డోటా 2 జట్టుకు కాంస్యం దక్కింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తొలిసారిగా అసలు పతకాలు పెట్టారు. మనకు ఒక్కటీ రాలేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో మనవారు క్వార్టర్ ఫైనల్లో వియత్నాం చేతిలో ఓడిపోయారు. వియత్నాం జనాభా సుమారు 10 కోట్లు. మనది 140 కోట్ల పైమాటే. ఆడేవారు లేక మనం ఓడిపోలేదన్నది స్పష్టం.

మరి అడ్డుపడుతున్నది ఏమిటి? మొదటిది, ఆట స్థిరంగా లేకపోవడం. భద్రతా కారణాలతో పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులోనూ, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలోనూ నిషేధించారు. పబ్‌జీ స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జూలైలో ఆగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చింది. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు చెప్పేటంతటి వారము కాము. కానీ కబడ్డీ కోర్టును ఎవరూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేరు. ఈ ఆటకు మైదానం ఒక కంపెనీ సర్వరులో ఉంటుంది. అది మూతపడిననాడు ఏళ్ళ తరబడి చేసిన సాధన అంతా వృథా. అలాంటప్పుడు ఏ తండ్రి మాత్రం తన బిడ్డను ధైర్యంగా పంపుతాడు?

అయితే మా ఉద్దేశంలో అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఊరి నుంచి దేశం దాకా ఎక్కడానికి మెట్లు లేవు. చదరంగాన్ని చూడండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ, 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్‌గా నిలిచింది. గుడివాడ మన తెనాలి వంటి ఊరే. ఆ అమ్మాయికి ఇంట్లోనే గురువుగా తండ్రి ఉన్నారు. బయట వయసు వారీగా పోటీలు ఉన్నాయి, జిల్లా మీద రాష్ట్రం, రాష్ట్రం మీద దేశం ఉన్నాయి. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగాన్నీ చేర్చారు. అందులో మన తెలుగువాడు ఇరిగేశి అర్జున్ నాలుగో స్థానంలో నిలిచాడు. అక్కడ అతని ముందున్నదీ కంప్యూటరే, చేతిలో ఉన్నదీ మౌసే. తేడా ఏమిటంటే, అతడు ఎక్కివచ్చిన మెట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. మిగిలిన వీడియో గేములకు ఆ మెట్లు మన ఊళ్ళలో వేయనేలేదు.

ఇక మన మూడు ఊళ్ళ సంగతి. 2000 తరువాతి సంవత్సరాల్లో గంటకు ఇంత అని తీసుకునే నెట్ సెంటర్లు ఉండేవి. సొంత కంప్యూటర్ లేని కుర్రవాడు కూడా చిల్లర పోగుచేసుకుని పక్కవాడితో కలిసి ఆడగలిగేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ సెంటర్లు తగ్గిపోయాయి. మిగిలినవి జిరాక్సులు, దరఖాస్తులతో కాలం వెళ్ళదీస్తున్నాయి. ఇప్పుడు ఆట అంటే ఎవరి ఫోను వారిది. వేడెక్కకుండా, ఆగిపోకుండా ఆటను నడిపే ఫోను కొనాలంటే కూలి చేసుకునే ఇంట్లో నెలల సంపాదన పెట్టాలి. పైగా పింగ్ అని ఒకటి ఉంది. మనం నొక్కిన సంగతి సర్వరుకు చేరి తిరిగి రావడానికి పట్టే సమయం అది. సెకనులో వెయ్యోవంతులతో దాన్ని లెక్కిస్తారు. సిగ్నల్ సరిగా లేని పల్లెలో అది పెరిగిపోతుంది. వేలు ఎంత చురుకుగా ఉన్నా ఎదుటివాడే ముందు కాల్చినట్టవుతుంది. ఎంపిక పోటీలు ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచే ఉంటాయంటారు. తలుపు తెరిచే ఉన్నా, అక్కడిదాకా వెళ్ళే దారి అందరికీ లేదు కదా. అందులోనూ ఆడపిల్లకు ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అన్నయ్య తరువాతే చేతికి వస్తుంది. మంచి ఫోను, మంచి నెట్, అడ్డుచెప్పని ఇల్లు, ఈ మూడూ ఉన్నవారిలో నుంచే ఏరుకున్న జట్టును దేశం జట్టు అనగలమా?

దక్షిణ కొరియాలో ఇలా జరగలేదు. 1990ల చివర అక్కడ వీధివీధినా గంటల లెక్కన అద్దెకిచ్చే కంప్యూటర్ గదులు వెలిశాయి. విద్యార్థులు ఒకచోట కూర్చుని ఆడారు, ఒకరి ఆట ఒకరు చూసి నేర్చుకున్నారు. 2000లోనే అక్కడ ఈ-స్పోర్ట్స్‌కు ఒక సంఘం ఏర్పడింది. హాంగ్‌ఝౌలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ స్వర్ణం ఆ దేశానిదే. మన దగ్గర ఉన్న నెట్ సెంటర్లు పోయాయి, వారి దగ్గర అవే బడులయ్యాయి.

పేద పిల్లలకు ఇవన్నీ ఎందుకు అనేవారికి మా సమాధానం ఒక్కటే. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతోపాటే శిఖరం చేరాడు. పర్వతారోహణ సామగ్రి ఫోను కన్నా చవక కాదు. ఎవరో వారికి భువనగిరి కొండ మీద శిక్షణ ఇప్పించారు, బూట్లు ఇచ్చారు, నమ్మారు. మిగిలినది ఆ పిల్లలే చూసుకున్నారు. పేదరికం అడ్డమే, కానీ నమ్మి చేయి అందించేవారు ఉంటే దాటరానిది కాదు.

ఇక పెద్దల భయాల సంగతి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటివాటి వల్ల అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో. అందుకే 2020లో మన రాష్ట్రం వాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూనే, ఈ-స్పోర్ట్స్‌ను వేరుచేసి ప్రోత్సహించాలని చెప్పింది. కాబట్టి పేకాటనూ, పోటీ ఆటనూ ఒకే గాట కట్టడం ఇకనైనా మానాలి. వ్యసనం సంగతి కూడా నిజమే. ఆట మీద అదుపు తప్పడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుల జాబితాలో చేర్చింది. అయితే దుప్పటి కింద ఒంటరిగా అర్ధరాత్రి దాకా ఆడేవాడికి వ్యసనం అంటుకుంటుందా, పదిమంది మధ్య మాస్టారి ఎదుట గంటసేపు ఆడి లేచేవాడికి అంటుకుంటుందా? వేళ, హద్దు, గురువు ఉంటేనే ఏదైనా క్రీడ అవుతుంది.

హాస్టల్లో సెల్‌ఫోన్లు ఇవ్వమని మేము అడగడం లేదు. ఆ నిబంధన ఉండవలసిందే. మేము కోరేది చిన్నది. మన ఊళ్ళలోని కళాశాలల కంప్యూటర్ ల్యాబులు సెలవు రోజుల్లో తాళాలు వేసి ఉంటాయి. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఒక్కొక్క ల్యాబును ఆదివారం రెండు గంటలు తెరిపించండి. ఒక మాస్టారిని నియమించండి. ఆడపిల్లలకు వేరుగా సమయం కేటాయించండి. ముందు చదరంగంతోనూ, ఫుట్‌బాల్ గేముతోనూ మొదలుపెట్టవచ్చు. చదువులో వెనుకబడినవారిని ఆ వారం పక్కన కూర్చోబెట్టండి, మేము కాదనము. ఏడాదికొకసారి మూడు ఊళ్ళ జట్లూ తెనాలిలో కలుసుకోవాలి. రేపల్లె రైలైనా, బాపట్ల రైలైనా అక్కడికే వస్తుంది కనుక ప్రయాణమూ తేలికే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ-స్పోర్ట్స్‌లో మన దేశం రచ్చకు వెళ్ళి ఓడి వస్తున్నది ఇంట ఇంకా పోటీ పెట్టుకోనందువల్లనే. ఆ ఇల్లు ఢిల్లీలోనో, ముంబైలోనో లేదు. మన ఊరి ల్యాబులోనే ఉంది. వార్డెన్లు, ఉపాధ్యాయులు, మన హాస్టళ్ళలో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు ఆ తాళం తీయించడానికి పూనుకోవాలని ఈ వార్షికోత్సవ సందర్భంగా వినయపూర్వకంగా కోరుతున్నాము.