ఆ చూపు ఎవరిది?

ఆకివీడులో, చుట్టుపక్కల కొల్లేటి లంకల్లో స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా నేను వినే మాట ఒకటుంది: "పైవాడు అన్నీ చూస్తుంటాడు." ఈ హెచ్చరిక ఆడపిల్లకే ఎందుకు? నమ్మేవారి దేవుడు అందరినీ సమానంగా చూస్తాడు. ఆయన పేరు చెప్పి ఆమె ఫోన్ వెతికేదీ, రాకపోకలు నిలదీసేదీ మనుషులే.

తప్పు చేయకపోతే దాపరికమెందుకంటారు. తలుపు వేసుకుని స్నానం చేయడం తప్పు చేసినందుకా?

1983లో సరిత కేసులో మన హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టంలేని భార్యనైనా కాపురానికి రమ్మని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ఆమె ఏకాంతానికీ, గౌరవానికీ భంగకరమని కొట్టివేశారు. 1984లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. 9వ సెక్షన్ మాత్రం చట్టంలో ఇంకా ఉంది. దాని రద్దుకై మనం పోరాడాల్సిందే.

ఈ హక్కును ముందుగా మనమూ పాటించాలి. మనల్ని నమ్మి బాధ చెప్పుకున్న స్త్రీ పేరు, ఫోటో ఆమె అనుమతి లేకుండా మన రిపోర్టుల్లోకి ఎక్కకూడదు. సాయం చేసే చేతికి కూడా ఆమె తలుపు తోసే అధికారం లేదు.