టీచర్లు వస్తున్నారు, నిలవడం లేదు

ఈ మధ్య మన సంఘాల ప్రార్థన మనవుల్లో దుబాయ్ టీచర్ వీసా తరచుగా వినబడుతోంది. బి.ఎడ్. చదివి, ఇక్కడి ప్రైవేటు బడుల్లో చాలీచాలని జీతానికి పనిచేసే సహోదరీలు ఆ పిలుపు కోసం ఆశతో కనిపెట్టడాన్ని మేము తప్పుపట్టము. అయితే ఆ దేశానికి టీచర్లు ఎందుకు చాలడం లేదో కూడా తెలుసుకోవాలి.

1971లో కొన్ని లక్షల జనాభాతో ఏర్పడిన యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నేడు కోటిమంది ఉన్నారు. పదిమందిలో సుమారు తొమ్మిదిమంది పరదేశులే. ఒక్క దుబాయ్ ప్రైవేటు బడుల్లోనే 3.8 లక్షలకు పైగా పిల్లలున్నారు. 2033 నాటికి మరో 100 బడులు తెరవాలని అక్కడి ప్రభుత్వ సంకల్పం. భవనం రెండేళ్లలో లేస్తుంది గాని పదేళ్ల అనుభవమున్న లెక్కల టీచరు రెండేళ్లలో తయారుకాదు. బయటినుంచి తెచ్చుకోవలసిందే.

తెచ్చుకోవడం కంటే నిలుపుకోవడమే కష్టం. బ్రిటిష్ సిలబస్ బడుల జీతాలు వేరు, తక్కువ ఫీజుల ఇండియన్ సిలబస్ బడుల జీతాలు వేరు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలన్నది నియమం. అంత రానివారు తమ పిల్లలను అమ్మమ్మ దగ్గర విడిచి, అక్కడ ఇతరుల పిల్లలకు అక్షరాలు దిద్దిస్తారు. నివాస అనుమతి ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఎన్నేళ్లు చేసినా పరదేశికి ప్రభుత్వ పింఛను లేదు. ఇలాంటి ఏర్పాటులో మంచి టీచరు మరో బడి వైపో మరో దేశం వైపో చూడక ఏం చేస్తుంది? నడుమ నష్టపోయేది పిల్లలే.

2024లో దుబాయ్ ఉత్తమ ఉపాధ్యాయులకు పదేళ్ల గోల్డెన్ వీసా ప్రకటించింది. మంచి అడుగే, కాని అది ఎంపికైన కొందరికే. జీతం, కుటుంబం అనే రెండు ముడులు విప్పకుండా మిగతావారు నిలుస్తారని మేము అనుకోము. పరదేశిని స్వదేశిలా చూడమన్న లేవీయకాండపు ఆజ్ఞ మన బడులకూ వర్తిస్తుంది; మన యాజమాన్యాలు జీతాలు సరిగా ఇచ్చి ఉంటే ఇంతమంది విమానం ఎక్కేవారా?

వెళ్లేవారికి ఒక మాట. నియామకపు ఖర్చు ఉద్యోగి నుండి వసూలు చేయకూడదని ఆ దేశ చట్టమే చెబుతోంది. లక్షలు అడిగే ఏజెంటు పేరు మన విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం చూసి సంతోషించకుండా మూల వేతనం ఎంతో చూడండి. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున వచ్చే గ్రాట్యుటీని లెక్కకట్టేది దాని మీదనే.